చెరువు ఒడ్డున మా అవ్వ

రిజిస్టర్‌లో మా అవ్వ పేరు లేదు.

శాంసన్ పెదనాయిన రెండుసార్లు చూశాడు. వేలు తడుపుకుని మూడోసారి మళ్లీ మొదటి పేరు నుంచి మొదలుపెట్టాడు. ఆయన మా అత్వెల్లి చర్చి కమిటీ సెక్రటరీ. అద్దాలు పెట్టుకున్నా ఒక్కో అక్షరాన్ని వేలితో పొడిచి చదువుతాడు.

"ఇగో, ఇరవై మూడు. జక్కయ్య, యాకోబు. మీ తాత. ఇరవై నాలుగు తారాబాయి, మార్త. ఇరవై అయిదు..."

నలభై ఒక్క పేర్లూ అయిపోయాయి. గంగమ్మ లేదు.

"మల్లొక్కసారి జూడు పెదనాయినా," అన్నాను.

"ఎన్నిసార్లు జూస్తె పుడుతదే పేరు?" అన్నాడు.

బయట టెంటు కింద అవ్వ ఐస్ పెట్టెలో ఉంది. నిన్న మధ్యాహ్నం అన్నం తిని, చెయ్యి కడుక్కుని, గోడకు ఆనుకుని కూర్చుని అలాగే పోయింది. డెబ్బై తొమ్మిదేళ్లు. సాయంత్రం నాలుగింటికి భూస్థాపన అని వాట్సాప్‌లో పెట్టేశాం. శామీర్‌పేట నుంచి, గండిమైసమ్మ నుంచి చుట్టాలు బయలుదేరారు కూడా.

మా దగ్గర పెట్టెను లేపే ముందు పోయిన మనిషి జీవితాన్ని కాగితం మీద రాసి చదువుతారు. పుట్టిన తేదీ, పెళ్లి, బాప్తిస్మం, ప్రభువులో నిద్రించిన తేదీ. అవ్వది రాసే పని నా మీద పడింది. పుట్టిన తేదీ ఎవరికీ తెలియదు. పెళ్లి ఏ కరువు ఏడాదో అంటారు. మా వాడ ముసలివాళ్లకు పుస్తకంలో ఎక్కిన తేదీ అంటూ ఉంటే అది బాప్తిస్మం ఒక్కటే. అందుకని చర్చి వెనక గదిలో బీరువా తెరిపించాను. డెబ్బై తొమ్మిదో సంవత్సరం, డిసెంబరు, శామీర్‌పేట పెద్ద చెరువు. మా వాడ వాడంతా ఒకేరోజు మునిగింది. అందులో మా అవ్వ లేదు.

"పాత పాస్టరు అయ్యగారు రాసుడు మర్శిండేమో," అన్నాడు మా బాపు బాలరాజు. ఆయన గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. సర్కారు బడిలో అటెండరు, ఇంకో రెండేళ్లకు రిటైర్ అవుతాడు. జీవితంలో గట్టిగా మాట్లాడింది లేదు.

"మా నాయిన పక్కకు కూసొని రాయించిండు బాలరాజూ. నలభై ఒక్కరు అని కింద సంతకం గూడ ఉన్నది. మర్శెటోడు గాదు." శాంసన్ పెదనాయిన పుస్తకం మూశాడు. నా వైపు చూడలేదు. ఎందుకు చూడలేదో నాకు తెలుసు.

సమాధుల తోట గేటు మీద ఒక బోర్డు ఉంది. 'బాప్తిస్మ రిజిస్టరులో పేరు లేనివారికి ఇందులో స్థలం లేదు.' ఆ రూలు పెట్టించింది నేను. ఆ అక్షరాలు రాసింది కూడా నేనే. మా తోట అరెకరం. చుట్టూ వెంచర్లు లేచాయి. కొంపల్లి విల్లాల వాళ్లు తమవాళ్లను పూడ్చుకునే చోటు కోసం కార్లేసుకుని వచ్చి, మా ముసలివాళ్ల సమాధుల మధ్య అడుగులేసి చూసుకుని, కమిటీవాళ్లతో నవ్వుతూ మాట్లాడి పోయేవారు. కమిటీ మెత్తబడింది. నేను గేటు దగ్గర పదకొండు రోజులు కూర్చుని ఆ రూలు పెట్టించాను. నేను సభ్యురాలిని కాను. నాకక్కడ చోటు కూడా వద్దు, నన్ను ఎక్కడైనా పడేయండి అని అప్పుడే చెప్పాను. మా వాడవాళ్లకు చోటు మిగలాలి, అంతే. తాత పక్కన ఒక మనిషి పట్టేంత జాగా ముప్ఫై ఏళ్లుగా ఖాళీగా ఉంది. అది అవ్వది అని ఊరంతటికీ తెలుసు.

"తారవ్వను పిల్వు," అన్నాడు బాపు. "ఆమె ఆ దినం ఉన్నది. సాక్ష్యం జెప్తది."

తారాబాయి అవ్వ ఐస్ పెట్టె పక్క నుంచి లేచి వచ్చింది. నోట్లో పళ్లు నాలుగు, మాట మాత్రం తగ్గలేదు.

"గంగి పేరు లేదా? ఎవడన్నడు? శాంసనూ, నీ అద్దాలు మార్పియ్యిరా. నా కండ్లతోని జూసిన. నేను నీళ్లల్లకెల్లి లేస్తి. సలికాలం, పండ్లు టకటక కొట్టుకుంటున్నయి. గంగినే నా మీద దుప్పటి కప్పె. మూటల నుంచి నా ఎర్రంచు చీర దీసి ఇచ్చె. నాకొక్కదానికేనా? అందరికి ఇచ్చె. ఎవలి పొడిబట్టలు ఏ మూటల ఉన్నయో ఆమెకే ఎరుక."

"మరి ఆమె ఎప్పుడు మునిగింది తారవ్వా?"

"మునుగకుంట ఎట్లుంటది?"

"ఎవరి తర్వాత?"

"మీ తాత తర్వాత... ఆఁ, గాదు. మీ తాత తర్వాత నేనే. నేను లేశేసరికి ఆమె ఒడ్డు మీదనే ఉన్నది."

"అందరికన్నా ముందా?"

"ముందు మునిగింది గీ శాంసన్ వాళ్ల నాయిన. ఆయినె తువ్వాల గూడ మీ అవ్వనే అందిచ్చె."

"ఆఖరుకా?"

"ఆఖరుకు అందరం మూటలు గట్టుకొని నడిశినం. సలికి నా చేతులు కొంకర్లు వొయినయి. నేను మీ అవ్వ కొంగుల చేతులు సుట్టుకొని వెచ్చగ..."

ఆగిపోయింది. నోరు తెరిచే ఉంది.

"పొడి కొంగు," అంది తారాబాయి అవ్వ. "ఆమెది పొడి కొంగే పిల్లా."

రిజిస్టర్ బల్ల మీద మూసే ఉంది.

నలభై ఆరేళ్లు. నలభై ఒక్క మంది చూశారు. అందరికీ ఆమె అక్కడ ఉన్నట్టే గుర్తు, ఎందుకంటే అందరికీ బట్టలందించింది ఆమే. వణుకుతున్న మనిషి బట్టలందించిన చేతినే చూస్తాడు. ఆ చెయ్యి తడిసిందా లేదా అని చూడడు.

నేను మీటింగుల్లో మనుషుల అబద్ధాలు పట్టుకుంటానని పేరున్నదాన్ని. ఇరవై రెండేళ్లు ఆమె పక్కలో పడుకున్నాను. నాకు తెలియలేదు.

మా చర్చిలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల. చిన్న చిన్న గ్లాసుల్లో ద్రాక్షరసం, పళ్లెంలో రొట్టె ముక్కలు. వాటిని సిద్ధం చేసేది అవ్వ. ఇదే గది, ఇదే బల్ల. గ్లాసులు కడిగి, నింపి, పళ్లెం తలుపు దాకా తెచ్చి పెద్దల చేతికి ఇచ్చేది. తాను లోపలే ఉండిపోయేది. ఖాళీ గ్లాసులు తిరిగొస్తే మళ్లీ కడిగేది. అవ్వ ఎంత తగ్గించుకున్న మనిషి అని అందరూ మెచ్చుకునేవారు. లోపల తాను తీసుకుంటుందిలే అనుకున్నాం. బాప్తిస్మం లేనివాళ్లు బల్ల ముట్టరాదు. ఆమె వేల గ్లాసులు నింపింది. ఒక్కటీ తాగలేదు.

ఇంకొకటి కూడా ఇప్పుడు అర్థమైంది. మా వాడలో అందరికీ ఒక కొత్త పేరుంది. మార్త, యాకోబు, ఎలీసబెత్తు. నాకు కూడా పుట్టగానే ప్రిస్కిల్లా అని పెట్టారు, సర్టిఫికెట్‌లో మనీషా. అవ్వ మాత్రం చర్చిలోనూ గంగమ్మే. ఏందవ్వా నీకు పేరు పెట్టలేదా అంటే, "నన్ను పిలిశెటోనికి నా పేరు ఎరుకనే," అనేది. మేం నవ్వేవాళ్లం.

"ఎందుకు?" అన్నాడు బాపు. ఆ ఒక్క మాట అన్నాడు.

తారాబాయి అవ్వ కింద కూర్చుండిపోయింది. 

"వారం ముందుగాల నీ హాస్టల్ల లొల్లి అయింది బాలరాజూ. యాదికున్నదా? మునిగినోళ్ల పోరగాండ్ల పెట్టెలు బయట పడేస్త అన్నడు వార్డెన్. మన పెద్దమనుషులు కూసున్నరు. ఏం పరేషాన్ గాకుండ్రి, గుళ్లె ఒక పేరు, సర్కారుకు ఒక పేరు పెట్టుకుందం, అడిగితే మునుగలే అందం అన్నరు. అందరం సరే అన్నం. గంగి లేశి అడిగింది. 'మునిగి, మునుగలే అంటె, ఏ పేరు అబద్ధమాడినట్టు?' అన్నది. మస్తు నవ్వినం. 'రెండు పేర్లకు సగం సగం ఏస్కో' అన్నడు శాంసన్ వాళ్ల నాయిన."

"అవ్వ ఏమన్నది?"

"'ఇంట్ల ఒక్కరన్న ఉండాలెగద, సర్కారు అడిగితె నిజం జెప్పెతందుకు' అన్నది. మేం గది గూడ నవ్వులకే అనుకున్నం."

ఇక్కడ ఒక మాట రాయాలి. మునిగితే మేం ఎస్సీలం కాదంటుంది చట్టం. చెరువులోంచి లేచినవాణ్ణి మోతుబరి పిలిచే పిలుపు మారిందా? హోటల్లో గ్లాసు మారిందా? ఏదీ మారదు, కాగితం మారుతుంది. హాస్టల్ పోతుంది, ఉద్యోగం పోతుంది, తన్నులు తింటే కేసు కూడా పోతుంది. కాబట్టి మావాళ్లు అబద్ధం ఆడతారు. సిగ్గుపడాల్సింది మావాళ్లు కాదు, ఆ గీత గీసినవాళ్లు. ఈ మాట నేను వంద మైకుల్లో చెప్పాను. అబద్ధం ఆడలేని మనిషి మా ఇంట్లోనే ఉంటే ఆమె ఏం చేయాలి అన్నది మాత్రం నాకు ఎప్పుడూ తట్టలేదు.

మా ఇంట్లో సర్టిఫికెట్ పని అంటే అవ్వదే. బాపు హాస్టల్‌కు, బాపు ఉద్యోగానికి, నా బడికి, మా తమ్ముడు ఎల్లేష్ కాలేజీకి, ప్రతిసారీ మేడ్చల్ ఆఫీసుకు వెళ్లి వేలిముద్ర వేసింది ఆమే. అవ్వకు ఆఫీసర్లంటే భయం లేదు అనుకున్నాం. భయం ఎందుకుంటుంది, దాచేది లేనప్పుడు.

ఇక నా సంగతి. మూడేళ్ల కింద ఒక వెంచర్ ఆయన తోట గోడ కూలగొట్టి నాలుగు గజాలు లోపలికి జరిగాడు. అడ్డం నిలబడితే కులం పేరు పెట్టి తిట్టి నన్ను నూకాడు. అట్రాసిటీ కేసు పెట్టాను. వాళ్ల వకీలు ఒక్కటే పట్టుకున్నాడు. ఇది కిరస్తానీ ఇల్లు, కేసు చెల్లదు. నేను మునగలేదు. పదిహేడేళ్లకే చర్చి మెట్లు దిగినదాన్ని. అయినా ఎంక్వయిరీకి ఆఫీసరు ఇంటికొచ్చి పెద్దమనిషి అని అవ్వను అడిగాడు.

"నువ్వు బాప్తిస్మం తీసుకున్నవా అవ్వా?"

"తీస్కోలె బిడ్డా."

"నీ మనుమరాలు?"

"దానికి నీళ్లంటెనే పడది సారూ. తానం జెయ్యి అని బతిలాడాలె."

ఆఫీసరు నవ్వుతూ రాసుకుని పోయాడు. అవ్వ నా కోసం అబద్ధమాడిందని గర్వంతో పొంగిపోయాను. అక్కడితో ఊరుకున్నానా? కలెక్టరాఫీసు ముందు ధర్నాలో మైకు పట్టుకుని అరిచాను. "మా అవ్వను చూడండి! యాభై ఏళ్లు దేవుణ్ణి పట్టుకున్న ముసలిది, నా న్యాయం కోసం దేవుణ్ణి పక్కన పెట్టి అబద్ధమాడింది!" చప్పట్లే చప్పట్లు. అవ్వ ముందు వరసలో కూర్చుని ఉంది. కొంగు మొహానికి కప్పుకుంది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఎండ తగిలిందేమో అనుకుని నిమ్మకాయ నీళ్లిచ్చాను.

ఆమె తన దేవుడి ముందు తల ఎత్తుకోవడానికి మిగుల్చుకున్నది ఆ ఒక్క నిజమే. దాన్ని నేను వెయ్యిమంది ముందు అబద్ధం అన్నాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు.

"పన్నెండయింది," అన్నాడు శాంసన్ పెదనాయిన. రిజిస్టర్ మళ్లీ తెరిచాడు. గొంతు తగ్గించాడు. "సూడుండ్రి. ఇరవై మూడుకు ఇరవై నాలుగుకు నడుమ ఒక గీత జాగ ఉన్నది. ఒక పేరు పడుతది, కింద నలభై ఒకటిని నలభై రెండు జేస్త. పాత సిరా లెక్క కొడుతది నా పెన్ను. ఎవడడుగుతడు? మీ బోర్డు మీది మాట నిలబడతది, ముసల్ది ముసలాయిన పక్కకు పోతది."

"రాయి అన్నా," అన్నాడు బాపు వెంటనే. ఆయన ఏడుస్తున్నాడు. "నా పెట్టె బయట పడొద్దని నా తల్లి ఒడ్డు మీద నిలవడ్డది. రాయి."

తారాబాయి అవ్వ తల ఊపింది. నేను కూడా రాయమన్నాను. దాచుకోను. "జల్దీ రాయి పెదనాయినా, చుట్టాలు ఒస్తున్నరు," అన్నాను. ఆయన పెన్ను మూత తీశాడు.

అప్పుడు తలుపు దగ్గర జాషువా అయ్యగారు కనబడ్డాడు. గండిమైసమ్మ దగ్గర ఉంటాడు, మా చర్చికి వచ్చి రెండేళ్లు. నాకంటే చిన్నవాడు. బైకు దిగి వచ్చినట్టున్నాడు, హెల్మెట్ చేతిలోనే ఉంది. ఎంతసేపటి నుంచి వింటున్నాడో తెలియదు.

"రాయకుండ్రి," అన్నాడు. "ఆమె ఒద్దన్నది."

"మీకు తెలుసా?" అన్నాను.

"నాకు జెప్పింది. రెండు నెలల కింద, ఇదే గదిల. బల్ల అయినంక గ్లాసులు లెక్కజూస్తే ఒకటి నింపింది నింపినట్టే మిగిలింది. అవ్వా నువ్వు తీసుకోలేదా అని అడిగిన. అప్పుడు జెప్పింది, అంతా."

ఆయన హెల్మెట్ బల్ల మీద పెట్టాడు.

"నాకు చెమటలు వట్టినయి. ఇప్పుడే ఇస్త అవ్వా, చెరువు దాకా గూడ ఒద్దు, పెద్ద టబ్బు తెప్పిస్త అన్న. ఆమె మొఖం ఎట్ల వెలిగిందో నేను జూసిన. ఒక్క నిమిషం. మల్ల ఒద్దన్నది. 'మనీషా కేసు నడుస్తాంది అయ్యగారూ. మల్ల ఒచ్చి అడిగితె నేనేం జెప్పాలె? కేసు అయిపోనియ్యి. తీర్పు ఒచ్చిన తెల్లారి నన్ను ముంచు' అన్నది."



"నేను గట్టిగనే అడిగిన," అన్నాడు అయ్యగారు. "ఈ లోపల పోతె ఎట్ల అవ్వా, దేవుడు లోపటికి రానియ్యకపోతె ఎట్ల అన్న. నేను అనొద్దు గాని అన్న."

"ఏమన్నది?"

"'బయట కూసుంట. నాకు అలవాటేగద' అన్నది."

నాకు దేవుడి మీద నమ్మకం లేదు. నేను చెరువులో దిగలేదు, నమ్మకం లేక. ఆమె దిగలేదు, నమ్మకం ఉండి. పరలోకం ఉందని, దానికి తలుపుందని, ఆ తలుపుకు ఇదే తాళంచెవి అని నిజంగా నమ్మిన మనిషి ఆమె. ఆ తాళంచెవిని ముందు నా తండ్రి కోసం పక్కన పెట్టింది. ముసలితనంలో నా కోసం మళ్లీ పక్కన పెట్టింది. నేను కోర్టులో వాయిదా మీద వాయిదా పడుతుంటే టీ తాగి తిరిగొచ్చేదాన్ని. ఇంట్లో ఒకామె ఆ వాయిదాలు ఎప్పుడు ముగుస్తాయా అని దేనికోసం ఎదురుచూస్తుందో నాకు తెలియదు. "తీర్పు ఎప్పుడే?" అని ప్రతిసారీ అడిగేది. "ఏం తొందరే ముసలీ నీకు?" అనేదాన్ని.

"పెన్ను మూయి పెదనాయినా," అన్నాను.

శాంసన్ పెదనాయిన నన్ను ఎగాదిగా చూశాడు. "ఇప్పుడేగద రాయమన్నవ్? ఏం, కేసు యాదికొచ్చిందా? రిజిస్టర్ల పేరు ఎక్కితె వకీలు పట్టుకుంటడనా?"

చెంప మీద కొట్టినట్టయింది. కానీ అడగాల్సిన మాటే అడిగాడు.

"అవును, కేసు గూడ ఉన్నది," అన్నాను. "ఆ కేసు కోసమే ఆమె మునుగకుంట పోయింది. ఇప్పుడు దొంగ పేరు రాసి ఆ కేసునే పడగొడితే ఆమె దేనికోసం పోయినట్టు? కేసు లేకున్నా నేను ఒద్దనే అంటుంటి. నలభై ఆరేండ్లు ఒక్క అబద్ధం ఆడొద్దని కూసున్న మనిషి మీద, పోయినంక మనం అబద్ధం రాస్తమా?"

"మరి యాడ పెడతవ్? గేటు మీద నీ బోర్డే ఉన్నది."

"బోర్డు నేను పెట్టించిన. నేనే తీపిస్త."

"నువ్వు తీపిచ్చుడేంది? నువ్వు మెంబరువే గాదు. కమిటీ గూసోవాలె, జనరల్ బాడీ పిల్వాలె."

"పిలిచేదేముంది? అందరు టెంటు కిందనే ఉన్నరు."

బయటికి వచ్చాను. రెండు వందల మంది ఉంటారు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. నేను రాయాల్సిన కాగితం ఖాళీగానే ఉంది. మైకు తీసుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పొడి బట్టలు, గ్లాసులు, వేలిముద్రలు, నా ధర్నా, నా నోటి దూల, అయ్యగారికి ఆమె చెప్పిన మాట. కొందరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఎలీసబెత్తు చిన్నమ్మ లేచి నిలబడి, మళ్లీ కూర్చుని, మళ్లీ లేచింది. ఎందుకు లేచిందో ఆమెకే తెలియదు.

"రూలు నాది, తప్పు నాదే," అన్నాను. "కానీ నేను మెంబర్ని కాను. అడిగే హక్కు నాకు లేదు. మీలో ఎవరన్నా అడగండి."

తారాబాయి అవ్వ కర్ర పట్టుకుని లేచింది. "నేను అడుగుతున్న. నేను ఇరవై నాలుగో నంబరు. గంగిని దాని మొగని పక్కకు పెట్టుండ్రి. లేదంటే నన్ను గూడ ఆడ పెట్టకుండ్రి, నేను దానితోని బయట్నే ఉంట. దానితోని నాకు చానా మాట్లాడేది ఉన్నది. ఇంత పెద్ద ముచ్చట నాకు జెప్పకుంట సచ్చింది."

ఎవరో ఏడుపు మధ్యలో నవ్వారు.

"మరి రేపు కొంపల్లోళ్లు గూడ గిట్లనే అంటె?" అని వెనక నుంచి సందీప్ అడిగాడు. యూత్ లీడర్, గోడ కొట్లాటలో నాతో లాఠీ దెబ్బలు తిన్నవాడు. "అక్కా, నీ అవ్వకైతె ఒకటి, వేరేటోళ్లకైతె ఒకటా?"

"రేపటిది రేపు కొట్లాడుత తమ్మీ," అన్నాను. "నలభై ఆరేండ్లు మన గ్లాసులు కడిగిన మనిషి వాళ్లల్ల ఎవరన్న ఉంటె రమ్మను, నేనే గుంత తవ్వుత. లేకుంటె గేటు కాడ మల్ల కూసుంట."

వాడు చెయ్యి ఎత్తాడు.

వెంటనే అందరూ ఎత్తారనుకోకండి. ముందు ముసలివాళ్లు ఎత్తారు, ఆమె చేతి నుంచి పొడి బట్టలు అందుకున్నవాళ్లు. ఇప్పుడు వాళ్లు తొమ్మిదిమందే మిగిలారు. తర్వాత ఆడవాళ్లు. మగవాళ్లలో చాలామంది శాంసన్ పెదనాయిన మొహం చూస్తూ కూర్చున్నారు. కొందరు చివరిదాకా ఎత్తలేదు. వాళ్లెవరో నాకు తెలుసు, ఇక్కడ రాయను.

శాంసన్ పెదనాయిన కూడా ఎత్తలేదు. కానీ లేచి వరస వరసకూ నడిచి చేతులు లెక్కపెట్టాడు, అదే వేలితో పొడుస్తూ. రెండోసారి కూడా లెక్కపెట్టాడు.

"నేను ఒప్పుకోను," అన్నాడు మైకులో. "గాని లెక్క లెక్కనే. ఎత్తినోళ్లే ఎక్కువున్నరు. గుంత తవ్వుండ్రి."

నాలుగింటికి అనుకున్నది అయిదు దాటింది. అయ్యగారు ప్రార్థన చేశాడు. ఎప్పుడూ గడగడా చేసేవాడు ఈసారి మధ్యమధ్యలో ఆగాడు. బాపు మొదటి పిడికెడు మట్టి వేసి, అక్కడే మోకాళ్ల మీద ఉండిపోయాడు. ఎల్లేష్ లేపబోతే వద్దన్నాడు.

జనం గేటు వైపు కదులుతుంటే శాంసన్ పెదనాయిన ఒక సమాధి గట్టు మీద కూర్చుని భూస్థాపన పుస్తకం తెరిచాడు. ఇది వేరే పుస్తకం. పేరు, భర్త పేరు, వయసు, బాప్తిస్మం తేదీ, భూస్థాపన తేదీ, కాపరి సంతకం. మొదటి మూడూ నింపాడు. నాలుగో గడిలో చిన్న అడ్డగీత గీయబోయాడు.

"గీత ఒద్దు," అన్నాను. "గీత పెడితె తేదీ దొరకలేదేమో అనుకుంటరు. రాయి."

"ఏమని?"

"తీసుకోలేదని."

"ఈ గడిల గిట్ల ఎన్నడు రాయలే మనీషా."

"ఇయ్యాల రాయి."

ఆయన అద్దాలు తుడుచుకున్నాడు. మెల్లగా, ఒక్కో అక్షరం ఒత్తి రాశాడు. గడి చాలక చివరి అక్షరం పక్క గడిలోకి పోయింది. తప్పులున్నాయేమో చదివి చూడమని పుస్తకం నాకిచ్చాడు. అది కూడా గట్టిగా చదవమన్నాడు, బాపు వినాలని.

"గంగమ్మ," అని చదివాను. "భర్త జక్కయ్య. వయసు డెబ్బై తొమ్మిది. బాప్తిస్మం, తీసుకోలేదు."

బాపు మట్టిలోంచి లేచి వచ్చి ఆ గడి మీద వేలు పెట్టి చూశాడు. "సరిగనే ఉన్నది," అన్నాడు. అయ్యగారు సంతకం పెట్టాడు.